ఖాళీ గాదెకు కాపలా

గెడ్డ రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసిపోయే చోట ఒక దిబ్బ ఉంది. ఆ దిబ్బ మీద ఎప్పుడో మనుషులు వదిలేసి పోయిన పాక, పాకలో మట్టి పూసి, అడుగుకి సన్నగా దిగే ఒక వెదురు గాదె, ఆ గాదెను నమ్ముకుని కొన్ని జంతువులు. వానలు ముదిరితే గెడ్డ పొంగి రెండు నెలల పాటు దిబ్బ చుట్టూ నీళ్లే. అందుకని వేసవిలో మనుషులు మొక్కజొన్న కోసుకుపోయాక, చేలల్లో రాలిన పరిగె గింజల్ని అందరూ ఏరి తెచ్చి గాదెలో పోసుకుంటారు. ముసురు పట్టాక రోజూ పొద్దున్నే గాదె అడుగున పలక ఎత్తి, తలా ఒక సొరబుర్రెడు గింజలు పట్టుకుంటారు. ఎవరెంత ఏరారని ఎవరూ అడగరు. ఇంత మంచి కట్టుబాటు మనుషుల్లో కూడా నేను చూడలేదు.

ఒకరి విషయంలో మాత్రం ఈ కట్టుబాటుకు చిన్న మెలిక ఉంది. ఆ ఒకరు తవిటమ్మ అనే పందికొక్కు. 'గాదె కింద పందికొక్కు' అన్న మాట లోకంలో ఊరికే పుట్టలేదు కదా. అందుకని గాదెకు పదడుగుల లోపు రానని తవిటమ్మ చేత ఆమె పళ్ల మీదే ఒట్టు వేయించుకున్నారు. పదడుగుల దగ్గర నేల మీద గీత గీశారు. ఆమె వాటా గింజల్ని ముసలి ఎద్దు దాలయ్య తెచ్చి గీత అవతల పెట్టేవాడు.

మూడు వానాకాలాలుగా తవిటమ్మ ఆ ఒట్టు తప్పలేదు. అది ఎంత కష్టమో పందికొక్కు జాతికే తెలియాలి. కుదురుగా కూర్చోవడం ఆమె పుట్టుకలో లేదు. ఏదో ఒకటి కొరక్కపోతే పళ్లు దురద, ఏదో ఒకటి తవ్వకపోతే గోళ్లు దురద. పొద్దున లేచింది మొదలు గీత వెంబడే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఉండేది. ఆమెను చూస్తుంటే కాలు కాలిన పిల్లి నయమనిపించేది.

ఈ ఏడు గాదెకు కాపలా పెట్టింది నక్కని. పేరు సింహాచలం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. "గింజ నా నాలుకకి పడదు, నాకు కాపలా ఇస్తే మీకే మంచిది" అని అతనే చెప్పుకున్నాడు, వీళ్లు నమ్మారు. నక్క మొక్కజొన్న కంకిని ఎంత ముద్దుగా ఒలుచుకు తింటుందో ఏ రైతునడిగినా చెబుతాడు. వీళ్లు రైతుని అడగలేదు.

కాపలా చేతికొచ్చిన రోజే సింహాచలం సలహాలు మొదలుపెట్టాడు.

"ఈయేడు పరిగె ఎక్కువొచ్చినాది. గాదె సాలదు. గున్నయ్యా, నీయంత బలమైనోడు ఈ దిబ్బ మీద నేడు. నువ్వు పైకెక్కి గింజని గట్టిగా తొక్కీ. తొక్కితే ఎంతైనా పడతాది."

గున్నయ్య అడవిపంది. తొయ్యడం, తొక్కడం తప్ప మూడో పని తెలియని మంచివాడు. మెచ్చుకుంటే చాలు, ఏ గోడనైనా గుద్దుతాడు. వెంటనే పైకెక్కి నాలుగు కాళ్లతో తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కడం అయ్యాక నక్క గాదె నోటికి చెక్క కప్పు వేయించి మట్టితో మెత్తించేశాడు.

"ఇంకోటి," అన్నాడు నక్క, అడుగున కంత చూపిస్తూ. "ఎద్దు మూతి పట్టినంత కంత దేనికి? పలక ఎత్తగానే గింజలు జలజలా పడి ఒలికిపోతన్నాయి. ఉడత తల పట్టినంత కన్నం ఉన్న పలక ఇంకోటి దీనికి బిగించీస్తాను. ఒక్క గింజ దండగవ్వదు."

"ఎంత ముందుసూపు బావూ నీది," అంది కోడిపెట్ట నారమ్మ. నారమ్మ నోరు ఊరంతటికీ ముందే లేస్తుంది, ఊరంతా పడుకున్నాకే పడుకుంటుంది.

గీత అవతల తవిటమ్మ కాళ్లు ఆగడం లేదు. ఎందుకంటే ఆమెకు తెలుసు. దిబ్బ మీదికి రాకముందు ముప్పై గాదెలకు కన్నం వేసిన పందికొక్కు ఆమె. మొదటి కన్నం వేసినప్పుడు తల్లి ఏమందో ఇప్పటికీ చెవిలోనే ఉంది. "నీ తల పట్టినంత కన్నం సాలదు, గుంటా. సిన్న కన్నం దగ్గర గింజకి గింజ భుజమిచ్చి నిలబడిపోతాది. తలకి నాలుగింతలు తవ్వు, అప్పుడు గింజ దానంతటది దిగొస్తాది."

ఉండబట్టలేక నోరు తెరిచింది. "బావూ, కన్నం మరీ సిన్నదైతే, పైగా తొక్కిన గింజ..."

నక్క మెల్లగా తిరిగాడు. "గాదె కన్నాల సంగతి నీకెలగ తెలుసమ్మా?"

అందరూ తిరిగి చూశారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముప్పై గాదెల కథ చెప్పాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని తవిటమ్మ నోరు మూసుకుంది. మూసుకుందే గాని ఆ రాత్రీ మర్నాడూ ఒకే వేరును పట్టుకుని కొరుకుతూనే ఉంది, వేరు అయిపోయినా మనసు కుదుటపడలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. మొదటి రోజు పాత పలక ఎత్తితే, నక్క బిగించిన కొత్త పలక కన్నం లోంచి గింజలు వచ్చాయి గాని ఆగి ఆగి వచ్చాయి. రెండో రోజు గున్నయ్య గాదెను ఒక్క గుద్దు గుద్దితే ఇన్ని రాలాయి. మూడో రోజు ఎన్ని గుద్దులు గుద్దినా ఎవరి బుర్రా సగానికి మించి నిండలేదు. నాలుగో రోజు పొద్దున దాలయ్య కొమ్ముతో పలక ఎత్తాడు. పది గింజలు టపటపా రాలాయి. తర్వాత ఏమీ లేదు.

"ఇంకా ఎత్తు బావూ," అంది నారమ్మ.

"ఎత్తే ఉన్నాదమ్మా."

సింహాచలం ముందుకొచ్చి గాదె అడుగు భాగాన్ని కాలి గోటితో తట్టాడు. డబ్ డబ్ మని బోలుగా మోగింది. మళ్లీ తట్టాడు, అందరికీ వినపడేటట్టు.

"గాదె ఖాళీ," అన్నాడు నీరసంగా. ఆ నీరసం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. "రెండు నెల్ల గింజ. నాలుగు రోజుల్లో ఎలగ అయిపోతాది? మనం తిన్నది ఎంత? మిగిలింది ఎవులు తిన్నట్టు?"

ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. అందరి కళ్లూ గీత మీదికి వెళ్లాయి.

"నాను గీత దాటనేదు," అంది తవిటమ్మ.

"పైన దాటనేదు," అన్నాడు నక్క. "కింద నుంచి దాటినావో నేదో మట్టికి తెలుసు."

"కింద నుంచి తవ్వితే మట్టి పైకి పొయ్యాల గదా. ఎక్కడ పోసినాను? సూపించండి."

"ముసురుకి మట్టి నిలుస్తాదేటి?" అంది నారమ్మ. "కొట్టుకుపోయుంటాది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు."

సింహాచలం పాపం తగవు పెంచకుండా తీర్పు చెప్పేశాడు. చీకటి పడేలోగా తవిటమ్మ పిల్లల్ని తీసుకుని గెడ్డ మీద అడ్డంగా పడి ఉన్న మద్దిమాను దాటి పోవాలి. మిగతావాళ్లు రేపు నీరు కాస్త తగ్గగానే అవతలి కొండకు పోవాలి, అక్కడ వెదురు బియ్యం పండాయట. "నా సంగతి ఒగ్గీండి," అన్నాడు. "నాను ఇక్కడే గాదెకి కాపలా ఉంటాను."

తవిటమ్మ గెడ్డ వైపు చూసింది. ఎర్రనీళ్లు మద్దిమానును రాసుకుంటూ పోతున్నాయి, మధ్యమధ్య పైనుంచి కూడా దూకుతున్నాయి. ఆమె కన్నంలో ఎనిమిది రోజుల పిల్లలు ఐదు ఉన్నాయి. ఒక్కదానికీ ఇంకా కళ్లు తెరుచుకోలేదు. ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని ఐదుసార్లు ఆ మాను మీద పోవాలి, నాలుగుసార్లు వెనక్కి రావాలి. ఐదూ అవతలి గట్టు చేరవని ఆమెకు లెక్క వేయకుండానే తెలిసింది. ఆమెకు భయం వేసింది. ఆ భయం కింద నుంచి ఇంకొకటి లేచింది, అది కోపం. దొంగతనం చేసిన ముప్పైసార్లు దొరకలేదు. చెయ్యని ఒక్కసారి దొరికింది.

గీత వెంబడే అటూ ఇటూ తిరిగింది. తిరుగుతుంటే నక్క ఆఖరి మాట పంటి కింద రాయిలా తగిలింది. ఖాళీ గాదెకు కాపలా ఎందుకు?

ఆగింది. ఆమె ఆగడం ఎప్పుడూ చూడనివాళ్లు కాబట్టి అందరూ ఆమె వైపు చూశారు.

"దాలయ్య బావూ," అంది. "నాకు గాదె సంగతి ఎలగ తెలుసని వేసవిలో అడిగినాడు నక్క బావు. అప్పుడు సెప్పనేదు, ఇప్పుడు సెప్తాను. నాను దొంగని. ఈ దిబ్బకి రాకముందు ముప్పై గాదెల గింజ తిన్నాను. కన్నం ఎయ్యడంలో నా అంత పనిమంతురాలు ఈ గెడ్డ పొడుగునా నేదు."

"ఇదిగో, తనే ఒప్పుకున్నాది," అంది నారమ్మ.

"ఒప్పుకున్నాను గాబట్టి ఇను. అడుగున తడితే బోలుగా మోగినాది. దాలయ్య బావూ, నీ భుజం ఎత్తులో ఒక్కసారి తట్టు."

దాలయ్యకు ఏదీ తొందరగా తోచదు గాని, తోచినదాన్ని మధ్యలో వదలడు. వెళ్లి కొమ్ముతో తట్టాడు. దప్ అంది. మూటను కొట్టినట్టు.

"అది తడిసిన మట్టిపూత," అన్నాడు నక్క వెంటనే.

"అడుగున పూత తడవనేదా?" అంది తవిటమ్మ. "బావూ, గింజ లోపలే ఉన్నాది. దారి ఇరుకైపోయి, గొర్రెలన్నీ ఒక్కసారి దొడ్డి గుమ్మంలో పడ్డట్టు, ఒకదాన్నొకటి ఒత్తుకుని ఇరుక్కుపోనాయి. అటు గోడ నుంచి ఇటు గోడకి వంతెన కట్టీసినాయి. కింద ఖాళీ, పైన గింజ."

"ఐతే తోస్తే సరి," అన్నాడు గున్నయ్య. అతనికి ఇంత చిన్న విషయానికి ఇంత మాటలెందుకో అర్థం కాలేదు. ఆమె వద్దనేలోపే గాదె కప్పు మీదికెక్కి, పెద్ద దుంగ ఒకటి పట్టుకుని పైనుంచి కుమ్మడం మొదలుపెట్టాడు. పాక ఊగింది. చూరు నీళ్లు అందరి మీదా పడ్డాయి. కంత లోంచి ఒక్క గింజ రాలలేదు.

"దిగు గున్నయ్యా, దిగు," అంటూ తవిటమ్మ గీత మీద గిలగిల్లాడింది. "పైనుంచి తొక్కితే ఆ వంతెన ఇంకా బిగుసుకుంటాది. వేసవిలో నువ్వు తొక్కిన తొక్కుడే సగం సేటు సేసినాది."

సింహాచలం నవ్వాడు. "సూసినారా? లోపల గింజ ఉంటే అంత కుమ్ముడికి రాలదేటి? ఇక సాలు. పొద్దు పోతన్నాది, తవిటమ్మా, పిల్లల్ని తీసుకో."

ఆమెకు ఒక పుల్ల చాలు. కంత లోంచి పైకి పెట్టి, వంతెన గోడకు ఆనిన చోట గీరితే చాలు, కూలిపోతుంది. కాని గీత దాటితే ఒట్టు తప్పినట్టు. గింజలు రాలినా, "ఇదిగో, దొంగే గీత దాటి ఏదో మాయ చేసింది" అంటాడు. తను కాళ్లతో చేయలేని పనిని ఇంకొకరి తలతో చేయించాలి. ఆమె నక్క తల వైపు చూసింది.

"అలగే ఎల్లిపోతాను," అంది. "కాని పోయే ముందు ఒక్క మాట. నక్క బావు కాపలాదారు. ఆయన కళ్లారా సూసి ఖాళీ అంటే నాకు ఇంకేటీ దిగులుండదు. గాదె ఖాళీ ఐతే కంత లోంచి పైకి సూస్తే కప్పు కనపడాల. తల లోపలెట్టి, సూసి, కప్పు కనపడినాది అనమనండి. ఆ మాట ఇని నా పిల్లగుంటల్ని పట్టుకుని మాను ఎక్కుతాను."

"ఇదేదో నాయంగానే ఉన్నాది," అన్నాడు దాలయ్య.

"నా మాట మీద నమ్మకం నేదా?" అన్నాడు నక్క.

"నమ్మకం ఉండబట్టే గదా, సూసి సెప్పమంటన్నాది," అంది నారమ్మ. ఆమె నోటికి అప్పుడప్పుడు పొరపాటున నిజం కూడా వస్తుంది.

"నా తల పట్టదు. కన్నం ఉడత తలకే."

"ఆ పలక తీసీసి పాత కంత తెరిస్తే పడతాది బావూ," అంది తవిటమ్మ. "ఖాళీ గాదెకి పెద్ద కంతైనా సిన్న కంతైనా ఒకటే గదా. ఒలికిపోడానికి గింజేదీ?"

నక్క చెవులు ఒక్కసారి వెనక్కి వాలాయి. తల పెట్టనంటే అందరికీ అనుమానం. పెడితే భయం. పైన కాలి కింద దుంగతో నిలబడ్డ గున్నయ్యను చూశాడు. అంత కుమ్మినా కదలని గింజ ఇక కదలదని ధైర్యం తెచ్చుకున్నట్టుంది. "అలగే, మీ ముచ్చట నానెందుకు కాదనాల," అన్నాడు. దాలయ్య కొమ్ము పెట్టి కొత్త పలకను ఊడబెరికాడు. పాత కంత బయటపడింది. సింహాచలం వంగి మెడ దాకా తల లోపల పెట్టాడు.

"ఏటి కనిపిస్తన్నాది?" అని అడిగింది తవిటమ్మ.

"కప్పు," అంది గాదె లోపలి నుంచి నక్క గొంతు.

"ఖాళీయేనా?"

"ఖాళీ."

 ఒక్కో క్షణం తవిటమ్మకు ఒక్కో పిల్లలా అనిపించింది. "దాలయ్య బావూ," అంది గొంతు పెంచకుండా, "ముసురుకి నీ ఒళ్లు దురదగా ఉన్నాదంటావు గదా రోజూ. ఖాళీ గాదెకి భుజం రాసుకుంటే ఎవులికి నష్టం?"

దాలయ్య ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గాదె దగ్గరికి నడిచాడు. "బావూ, ఖాళీయే గదా?" అని లోపలికి అడిగాడు.

"ఒద్దు" అనడానికి నక్క దగ్గర కారణం లేదు. "ఖాళీయే గాని..." అన్నాడు.

దాలయ్య 'గాని' కోసం ఆగలేదు. గాదె లావు నుంచి సన్నానికి దిగే చోట భుజం ఆనించి ఒక్కసారి రాసుకున్నాడు. రెండోసారి రాసుకున్నాడు. లోపల ఏదో పటుక్కుమంది. ఆ వెంటనే గింజలు జారిన హోరు పాకంతా నిండింది.

నక్క కేక సగంలో ఆగిపోయింది. బయట మిగిలిన ఒంటి భాగం మాత్రం నాలుగు దిక్కులకూ తన్నుకుంది. రెండు నెలల గింజ ఒక్కసారిగా తల మీద దిగబడి కంతలో మెడ చుట్టూ బిగుసుకుంది. ఒక్క గింజ కూడా బయటికి రాలేదు. కన్నానికి అడ్డం ఇప్పుడు నక్కే.

గున్నయ్య దుంగ వదిలేసి ఒక్క దూకున కిందికి వచ్చాడు. "తొయ్యమంటారా?"

"తొయ్యకు," అంది తవిటమ్మ. "లాగు."

పుట్టి బుద్ధెరిగాక గున్నయ్య ఏదైనా వెనక్కి లాగడం అదే మొదలు. తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నక్క ఊడి వచ్చి బురదలో పడ్డాడు. అతని వెనకే మొక్కజొన్న, పచ్చగా, ధారగా. నారమ్మ మోకాళ్ల దాకా, దాలయ్య గిట్టల దాకా గింజ పోగైంది. దొర్లుకుంటూ వచ్చిన గింజలు కొన్ని గీత దాటి తవిటమ్మ కాళ్ల దగ్గర ఆగాయి. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. తోక పట్టుకు లాగితే ఏమవుతుందో ఆ రోజు దిబ్బంతా చూసింది. దాలయ్య పాత పలకను దించితే తప్ప ధార ఆగలేదు.

 నారమ్మ గింజల్లోంచి కాళ్లు పీక్కుని గీత దగ్గరికి వచ్చింది.

"అప్పా, నోరు జారినాను. దొంగన్నాను."

"దొంగన్నందుకు నాకు బాధ నేదు నారమ్మా. ఒకప్పుడు దొంగనే," అంది తవిటమ్మ. "నా గుంటలికి కళ్లు తెరుచుకోనేదని నీకు తెలుసు. నీకూ పిల్లలున్నాయి. అయినా మాను దాటి పొమ్మంటే ఒద్దననేదు సూడు, అది మరిసిపోడానికి నాకు కొన్నాళ్లు పడతాది."

 నారమ్మ కాలితో గీతను చెరిపేసి తలొంచుకుని నిలబడింది. తవిటమ్మ మాత్రం అక్కడ ఆగలేకపోయింది. నాలుగు గింజలు నోట పట్టుకుని, పిల్లలు ఉన్నాయో లేవో అన్నంత ఆత్రంగా తన కన్నంలోకి పరుగెత్తింది. ఐదింటినీ ముక్కుతో తడిమి చూసుకుని మళ్లీ బయటికి వచ్చేసరికి గాదె దగ్గర వరుస కట్టారు. ఎవరి బుర్రలు వాళ్లకు నిండుతున్నాయి.

వరుస చివర సింహాచలం తన బుర్ర పట్టుకుని నిలబడ్డాడు. చెవుల్లో గింజలు ఇంకా ఉన్నాయి. "లోపల సీకటి," అన్నాడు మెత్తగా. "ఏటో పొరపాటు పడ్డాను. నా వాటా కూడా పోసీండి, బేగి, ఆకలిగా ఉన్నాది."

దాలయ్య పలక మీద కాలు పెట్టి నిదానంగా అతని వైపు తిరిగాడు.

"నీ మాటంటే మాకు గౌరవం బావూ. తల లోపలెట్టి, కళ్లారా సూసి మరీ సెప్పినావు, గాదె ఖాళీ అని. ఖాళీ గాదెలోంచి నీకు వాటా ఎక్కడి నుంచి తేమంటావు?"

 ముసురు అలాగే పడుతూ ఉంది, నక్క చేతిలో సొరబుర్ర మెల్లగా వాన నీటితో నిండింది.

తెలిసినవాళ్ల నోళ్లు నొక్కి నింపుకున్న గాదె ఆకలి వేళకు నోరు తెరవదు.